జాకోబిన్ జత గుడ్లు పెడతా ఉంది, పిల్ల మాత్రం నిలవడం లేదు

కొర్లగుంట మేడ, జనవరి 18

అందరికీ నమస్కారం. తిరుపతి కొర్లగుంటలో మా మేడ మీద పదేళ్లుగా పావురాలు పెంచుతా ఉండా. ఎక్కువగా గాలిలో పల్టీలు కొట్టే కర్ణాలు, కొన్ని యాడ వదిలినా ఇల్లు చేరే హోమర్లు. మేత చల్లి నీళ్లు పెడితే చాలు, వాటి సంసారం అవే చూసుకుంటాయి. పోయిన ఆషాఢంలో మద్రాసు పోయినప్పుడు ఒక ఎర్ర జాకోబిన్ జత చూసినా. అమ్మే ఆయన 6,000 చెప్పినాడు. బేరం ఆడబుద్ధి కూడా కాలేదు, అంతగా మనసు పడింది.

చూడనోళ్లకు చెప్తా. మెడ చుట్టూ ఈకలు కిందికి వాలకుండా ఎదురు తిరిగి పైకి లేస్తాయి. వెనక జూలు, ముందర రెండు పక్కలా దండ, తల మీద ముసుగు. మూడూ కలిసిపోయి, విచ్చుకున్న బంతిపువ్వులో తల దాచుకున్నట్టు ఉంటుంది. తల తెలుపు, తోక తెలుపు, రెక్కల చివరి ఈకలు తెలుపు. మిగతా ఒళ్లంతా కాలిన ఇటుక రంగు. నిటారుగా నిలబడి నడుస్తా ఉంటే పని వదిలేసి చూస్తా కూర్చుంటా.

ఇప్పుడు నా బాధ. దీపావళి తర్వాత రెండు గుడ్లు పెట్టింది. 18 రోజులు పొదిగినాయి, రెండూ వట్టి గుడ్లే. డిసెంబరులో మళ్లీ రెండు. ఒకటి వట్టిది, ఒకటి పిల్లయింది. మూడో రోజు పొద్దున్నే చూస్తే పిల్ల చల్లబడిపోయి ఉంది. చేతిలోకి తీసుకుంటే గొంతు కింద తిత్తి ఖాళీ, పొట్ట చర్మం ముడతలు పడి లోపలికి పోయింది. అప్పటికీ తల్లి దాని మీదనే కూర్చోని ఉండింది. పిల్ల మీద అక్కర లేక కాదు. ఏం తక్కువైందో నాకు తెలియడం లేదు. మన ఎండలకు ఇవి ఓర్చుకోవు, ఎవరికైనా ఇచ్చెయ్ అంటా ఉండాడు మా నాయన. జాకోబిన్‌తో పిల్లలు తీసినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి.

పలమనేరు లక్కా, జనవరి 18

అన్నా, నా దగ్గర తోక విసనకర్ర మాదిరి విప్పే లక్కా పావురాలే గానీ ఒక మాట. సున్నం తక్కువైతే గుడ్లు ఇట్లనే అవుతాయి. కోడిగుడ్డు పెంకు, ఇటుక పొడి, కొంచెం ఉప్పు కలిపి ఒక మూకుట్లో పెట్టు. మేతలో సద్దలు ఒకటే కాకుండా అలసందలు, పెసలు కూడా వెయ్యి.

కొర్లగుంట మేడ, జనవరి 18

అవన్నీ పెడతా ఉండా తమ్ముడూ. అదే మేత తిని పక్క గూట్లో హోమర్లు వరసగా పిల్లలు లేపుతా ఉండాయి.

గ్రీమ్స్‌పేట పెద్దాయన, జనవరి 19

నాయనా, చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి రాస్తా ఉండా. నలభై ఏళ్లుగా ఇదే నా లోకం. ఈతకు రెండే గుడ్లు అన్నావు కాబట్టి జత జతే. నాలుగు పెట్టుంటే రెండూ పెట్టలే, ఒకదాన్నొకటి మోసం చేసుకుంటా ఉండాయి అని చెప్పుందును. పావురాల్లో పెట్టనూ పోతునూ కంటితో చూసి చెప్పడం పెద్ద పెద్దోళ్లకే తప్పుతుంది.

మూడు సంగతులు అడుగుతా. పోతు పెట్ట మీద ఎక్కేది నీ కంటితో చూసినావా? మేత గిన్నె యాడ పెట్టినావు, నేల మీదనా, ఎత్తులోనా? తెచ్చినప్పటి నుంచి ఆ ముసుగు ఒక్కసారైనా కత్తిరించినావా?

కొర్లగుంట మేడ, జనవరి 19

ఎక్కుతుంది, జారిపోతుంది పెదనాన్నా. రెండు మూడుసార్లు చూసినా. గిన్నె నేల మీదనే. ముసుగు కత్తిరించడమా? ఆ ముసుగు కోసమే కదా కొన్నింది!

గ్రీమ్స్‌పేట పెద్దాయన, జనవరి 19

నీ జబాబు నువ్వే చెప్పినావు.

పావురానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉండాయి. తల తిప్పకుండానే దాదాపు 340 డిగ్రీలు చూస్తుంది. వెనకాల పిల్లి వస్తే దానికి తెలుస్తుంది. జాకోబిన్‌కు ఆ పక్కచూపంతా మనం మూసేసినాము. ముందర ఒక సందు ఉంటుంది, ఆ సందులో నుంచే దాని బతుకు. గూట్లో పిల్ల పక్కనుంచి నోరు తెరిస్తే దానికి కనపడదు. కనపడినా దండ ఈకలు అడ్డం పడతాయి. పిల్ల ముక్కు తల్లి నోట్లోకి పోవాలి కదా, ఈకల్లోకి పోతుంది. పుట్టిన పిల్లకు మొదటి మూడు నాలుగు దినాలు తల్లీ తండ్రీ గొంతు తిత్తిలో ఊరే పాలు తప్ప వేరే ఆధారం లేదు. ఆ పాలు నోటికి అందకనే నీ పిల్ల పోయింది.

గుడ్లు వట్టివి కావడానికి కూడా ఈకలే కారణం. తోక కింద ఈకలు దట్టంగా ఉంటాయి, పోతు వీర్యం లోపలికి చేరదు. అక్కడా కత్తిరించాల్సిందే. జాకోబిన్ పెంచే ప్రతివాడూ పిల్లలు తీసే ముందర ఈ పని చేస్తాడు. నీకు అమ్మినాయన ఈ మాట చెప్పుండాల్సింది.

పీకొద్దు, కత్తిరించు. పీకితే నెలన్నరలో మళ్లీ మొలిచి కూర్చుంటాయి, దానికి నొప్పి కూడా. కత్తిరించిన ఈక మళ్లీ రాల్చే కాలం దాకా అట్లే ఉంటుంది. ఇప్పుడు కోస్తే వానలకు కొత్త ముసుగు పూర్తిగా వచ్చేస్తుంది. నీ బంతిపువ్వు యాడికీ పోదు.

మదనపల్లె టమోటా, జనవరి 20

నాది వేరే అభిప్రాయం, ఎవరినీ నొప్పించాలని కాదు. కత్తెర లేకుండా తన బిడ్డకు తాను పాలివ్వలేని పక్షిని తయారు చేసింది ఎవరు? మనమే. ఒకటి రెండు తరాల్లో కాదు, వందల ఏళ్లుగా ముసుగు పెద్దగా ఉన్నదాన్నే ఏరుకుంటూ, ఏరుకుంటూ ఇక్కడిదాకా తెచ్చాం. లోటన్ అనే పావురం సంగతి తెలిసే ఉంటుంది. దాన్ని పట్టుకుని కొంచెం కుదిపి నేల మీద పెడితే పిల్లిమొగ్గలు వేస్తూనే ఉంటుంది, ఎత్తుకుని ఊరడిస్తే గానీ ఆగదు. దాన్నీ అందం అనే అన్నారు. అక్బరు పాదుషా దగ్గర 20,000 పైగా పావురాలు ఉండేవని అబుల్ ఫజల్ రాశాడు. అందులో లోటన్ కూడా ఉంది. పాదుషా మెచ్చుకున్నంత మాత్రాన ఆ పిట్టకు జరిగింది మంచి అయిపోదు. ఇట్లాంటి జాతులు కొనడం మానేస్తే పెంచడమూ ఆగుతుందని నేను నమ్ముతాను.

గ్రీమ్స్‌పేట పెద్దాయన, జనవరి 20

టమోటా అయ్యా, లోటన్‌ను నేను ఒక్కసారి చేతిలో పట్టుకున్నా, 1980 ప్రాంతంలో. దొర్లేది చూసినాక మళ్లీ దాన్ని తాకలేదు, ఇంట్లోకి రానీయలేదు. ఆ విషయంలో మీ మాటే నా మాట. జాకోబిన్ మాత్రం అట్లా కాదు. దానికి వచ్చిన కష్టం ఈకల దగ్గరిది, అర్ధగంటలో తీరేది. ఆ అర్ధగంట పెట్టలేనోడు జాకోబిన్ పెంచకూడదు. అంతవరకు నేను ఒప్పుకుంటా.

డాక్టరమ్మ మూడో ఏడు, జనవరి 20

నేను తిరుపతిలోనే పశువైద్యం చదువుతున్నాను. ముసుగు గురించి కొంచెం చెప్తాను, నాకు చాలా ఇష్టమైన పాఠం ఇది.

పావురాల్లో తల వెనక ఈకలు ఎదురు తిరగడానికి ఎఫ్‌బీ2 అనే ఒక జన్యువులో వచ్చిన చిన్న మార్పు కారణం. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో మైకేల్ షపీరో బృందం 2013లో దీన్ని బయటపెట్టింది. చిన్న శిఖ ఉండే జాతుల్లోనూ, ఇంత పెద్ద ముసుగు ఉండే జాకోబిన్‌లోనూ ఉన్నది అదే మార్పు. గుడ్డులో పిండంగా ఉన్నప్పుడే ఈక మొలిచే చోటు దిక్కు మారిపోతుంది. ఎంత పెద్దగా, ఎంత దూరం మారాలి అన్నది వేరే జన్యువులు చూసుకుంటాయి.

ఇది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే కనపడుతుంది. ఒక వైపు నుంచే వస్తే తల నున్నగా ఉంటుంది. పేరు సంగతి కూడా బాగుంటుంది. పారిస్‌లో సెయింట్ జాక్ వీధిలో ఉన్న డొమినికన్ సన్యాసులను జాకోబిన్లు అనేవారు. వాళ్ల ముసుగు అంగీని పోలి ఉందని ఈ పావురానికి ఆ పేరు. జర్మనీలో మాత్రం దీన్ని సవరం పావురం అంటారు.

డార్విన్ 1859లో జాతుల పుట్టుక గురించి రాసినప్పుడు మొదటి అధ్యాయంలోనే జాకోబిన్‌ను పేర్కొన్నాడు. మెడ వెనక ఈకలు ఎదురు తిరిగి ముసుగు కట్టాయనీ, ఒంటితో పోలిస్తే రెక్కల ఈకలూ తోకా పొడవనీ. ఆయన సొంతంగా పావురాలు పెంచాడు, లండన్‌లో రెండు పావురాల సంఘాల్లో చేరాడు కూడా.

పలమనేరు లక్కా, జనవరి 20

అక్కా, ఇప్పుడు నాకు తెలిసింది! రెండేళ్ల కింద ఒకాయన దగ్గర జాకోబిన్ పోతును అడిగి తెచ్చి హోమర్ పెట్టకు కట్టినా. పిల్లలన్నీ నున్నటి తలలే. నన్ను మోసం చేసినారు, అది మంచి జాతి కాదు అనుకోని గొడవ పడినా ఆయనతో. పాపం.

డాక్టరమ్మ మూడో ఏడు, జనవరి 20

ఆ పిల్లలను మళ్లీ జాకోబిన్‌కే కట్టి ఉంటే సగానికి సగం శిఖతో వచ్చేవి తమ్ముడూ. కాకపోతే అది చిన్న శిఖే. నిండు ముసుగు రావాలంటే ఇంకా చాలా తరాలు పడుతుంది.

రేణిగుంట హోమర్, జనవరి 21

కొర్లగుంట అన్నా, నా దగ్గర పెంపుడు తల్లులుగా పనికొచ్చే హోమర్ జతలు రెండు ఉన్నాయి. మీ జాకోబిన్ గుడ్డు పెట్టిన రోజు నాకు చెప్పండి. నా జత కూడా ఆ రోజుకు ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా పెట్టి ఉంటే ఒక గుడ్డు మార్చుకుందాం. తేదీ కలవకపోతే లాభం లేదు. పావురానికి పాలు పొదుగుడు చివర్లోనే ఊరతాయి, పోతుకీ పెట్టకీ ఇద్దరికీ. ముందుగానే పిల్ల బయటపడితే నోట్లో పోయడానికి ఏమీ ఉండదు.

కొర్లగుంట మేడ, జనవరి 26

ఈ పొద్దు సెలవు. కత్తిరించినాము.

వారం రోజులు ఆలోచించినా, అబద్ధం చెప్పను. పొద్దున మేడ మీదికి పోతే ఎండ పడి ఆ దండ మెరుస్తా ఉంటుంది, చెయ్యి రాదు. చివరికి మా అమ్మ పూలు కట్టేటప్పుడు దారం తెంపే చిన్న కత్తెర తీసుకోని పైకి వచ్చింది. నువ్వు పట్టుకో, నేను కోస్తా అనింది. పెట్టను పాత తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నా. అమ్మ ఒక్కొక్క ఈక వేలితో పక్కకు జరిపి, వెలుతురుకు పట్టి చూసి, కాడ తెల్లగా ఎండినట్టు ఉంటేనే కోసింది. ఒకటి రెండు కాడలు నీలంగా ఉండినాయి. అవి కొత్తగా మొలుస్తా ఉండేవి, లోపల నెత్తురు ఉంటుంది అని పెదనాన్న ఫోన్‌లో చెప్పుండాడు కాబట్టి వదిలేసినాము. కన్ను పూర్తిగా బయటికి వచ్చిందాకా, ముక్కు చుట్టూ, తర్వాత తోక కింద. పోతుకు కూడా అట్లే.

ఇప్పుడు ఒక మాట చెప్తే మీరు నమ్మాల. ఇన్ని నెలలుగా పక్కనుంచి చెయ్యి పెడితే చాలు ఉలిక్కిపడి గోడకు కొట్టుకునేది. భయస్తురాలు అనుకుంటి. కోసిన అర్ధగంటకు అట్లే చెయ్యి పెట్టినా. లేత ముత్యం రంగు కన్ను నా చేతి మీదనే నిలిపి, మెల్లగా రెండడుగులు తప్పుకునింది. అంతే. నా చెయ్యి రావడం దానికి అన్నాళ్లూ కనపడలేదు. అమ్మ ఏం మాట్లాడకుండా కిందికి దిగిపోయింది.

కింద పడిన ఈకలు ఒక కవరులో దాచిపెట్టినా.

గ్రీమ్స్‌పేట పెద్దాయన, జనవరి 26

మంచి పని నాయనా. అమ్మకు నా నమస్కారం చెప్పు.

ఇంకొన్ని చెప్తా రాసిపెట్టుకో. మేత గిన్నె నేల మీద నుంచి ఒక జానెడు ఎత్తులో పెట్టు. నీళ్లకు వెడల్పాటి పళ్లెం వద్దు, ముక్కు మటుకే పట్టే మూతి ఉండే డబ్బా పెట్టు. పావురం తల ఎత్తకుండా ముక్కు ముంచి పీల్చుకోని తాగుతుంది, కాబట్టి ఆ మాత్రం సందు చాలు. వెడల్పు పళ్లెమైతే ముసుగు మళ్లీ వచ్చినాక దండ తడిసి, దుమ్ము అంటి, ముద్దలు కడుతుంది. గూట్లో పెద్ద మట్టి మూకుడు, అందులో చీపురు పుల్లలు, అడుగున కొంచెం వేపాకు. పొద్దున పది లోపల స్నానానికి నీళ్లు పెట్టి, ఆరినాక గిన్నె తీసెయ్యి.

బయట మటుకు వదలొద్దు. డేగ వస్తే మన కర్ణాలు తప్పించుకుంటాయి, ఇది తప్పించుకోలేదు. అలిపిరి పక్కనుంచి మీకు కోతులు కూడా దిగతాయి కదా. గూటికి ఇనుప జాలీ గట్టిగా కట్టు.

డాక్టరమ్మ మూడో ఏడు, జనవరి 27

గూళ్లు శుభ్రం చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమని మీ ఇంట్లో అందరికీ చెప్పండి. ఎండిన రెట్ట, రెక్కల దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే కొంతమందికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కొంచెం నీళ్లు చల్లి, తడి మీద గీకితే దుమ్ము లేవదు. వానలకు దోమలు ఎక్కువ కాకముందే మశూచి టీకా సంగతి మా కళాశాల ఆసుపత్రిలో కనుక్కోండి. పావురాలకు అది దోమల ద్వారానే ఎక్కువగా వస్తుంది.

కొర్లగుంట మేడ, ఫిబ్రవరి 10

8వ తేదీ సాయంత్రం ఒక గుడ్డు, ఈ పొద్దు మధ్యాహ్నం ఇంకొకటి. ఈసారి పోతు జారలేదు, నేను చూసినా.

రేణిగుంట హోమర్, ఫిబ్రవరి 10

నాది 7, 9. బాగా కలిసింది. ఐదు రోజులు ఆగి దీపం పట్టి చూడండి. జీవం ఉంటే అప్పుడు తెద్దురు.

కొర్లగుంట మేడ, ఫిబ్రవరి 15

రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద పెట్టి చూసినా. రెండింట్లోనూ సాలెగూడు మాదిరి ఎర్ర నరాలు, మధ్యలో చుక్క. నా చెయ్యి వణికింది. పొద్దున ఆరు గంటలకు స్టీలు టిఫిను డబ్బాలో దూది పరిచి, ఒక గుడ్డు పెట్టుకోని, డబ్బాను చొక్కా లోపల పొట్టకు ఆనించుకోని బండి మీద రేణిగుంట పోయినా. 25 నిమిషాలు పట్టింది. హోమర్ పెట్ట ఒకసారి ముక్కుతో అటూ ఇటూ దొర్లించి, రొమ్ము కిందికి లాక్కునింది.

ఇంకొకటి నా జతకే వదిలినా. రేణిగుంట తమ్ముడు రెండూ తెమ్మన్నాడు. నాకు మాత్రం ఆ తల్లికి ఒక్క అవకాశం ఇవ్వాలనిపించింది.

మదనపల్లె టమోటా, ఫిబ్రవరి 16

నా అభిప్రాయం మారలేదు. కానీ ఆ గుడ్డును వాటికే వదిలినందుకు సంతోషం. ఏమైందో తప్పకుండా రాయండి.

కొర్లగుంట మేడ, మార్చి 2

27వ తేదీ ఇక్కడొకటి, అక్కడొకటి, రెండూ పగిలినాయి.

నాలుగో రోజు ఈ పొద్దు. మూడో రోజు రాత్రి నిద్ర పట్టలేదు, పోయిన పిల్ల పోయింది ఆ రోజే కదా. తెల్లవారకముందే లైటు వేసి చూసినా. పోతు కూర్చోని ఉండింది. పిల్ల దాని రొమ్ము కింద నుంచి తల బయటికి పెట్టి ఊగుతా ఉంది. పోతు మెడ వంచి, ఒక కంటితో దాన్ని చూసి, నోరు తెరిచింది. పిల్ల ముక్కు మొదలంటా లోపలికి పోయింది. ఇద్దరి మెడలూ కలిసి పైకీ కిందికీ ఊగినాయి, పావు నిమిషం ఉంటుందేమో. వదిలినాక చూస్తే పిల్ల గొంతు కింద తిత్తి మూట కట్టినట్టు నిండి, చర్మంలో నుంచి పసుప్పచ్చగా కనపడతా ఉంది.

మా నాయన కూడా పైకి వచ్చి చూసినాడు. ఇచ్చెయ్యమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

పలమనేరు లక్కా, మార్చి 2

చదువుతా ఉంటే గొంతు పట్టేసింది అన్నా.

కొర్లగుంట మేడ, మార్చి 20

మూడు వారాలు నిండినాయి. హోమర్ల దగ్గర పెరిగింది కొంచెం బరువు ఎక్కువ, మా ఇంటిది సన్నంగా ఉంది గానీ హుషారు. రెండింటికీ మెడ వెనక ఈకలు ముళ్ల మాదిరి ఎదురు తిరిగి లేస్తా ఉండాయి. పెదనాన్నా, ఒక అనుమానం. పిల్ల ఇంకా గూట్లోనే ఉంది, నిన్న సాయంత్రం పెట్ట పక్క మూకుట్లో మళ్లీ ఒక గుడ్డు పెట్టింది. రేపు రెండోది పెడుతుంది. ఎండలు అప్పుడే మండతా ఉండాయి. పొదగనీయాల్నా?

గ్రీమ్స్‌పేట పెద్దాయన, మార్చి 20

వద్దు నాయనా. ఈ ఎండల్లో పిల్లలు లేపితే పెట్ట నీరసపడుతుంది, ఈకలు రాల్చే కాలానికి బలం ఉండదు. అట్లని గుడ్లు ఊరికే తీసేస్తే పది దినాల్లో మళ్లీ పెడుతుంది. రెండోది పెట్టినాక రెండూ తీసి చెక్క గుడ్లు పెట్టు. అవే అనుకోని 18 దినాలు కూర్చుంటుంది, ఆ మేరకు ఒంటికి విశ్రాంతి. తర్వాత పోతును వేరే గూట్లో పెట్టి వానలు పడిందాకా విడిగా ఉంచు. గూటి పైన తడి గోనెసంచి కప్పు, మధ్యాహ్నం ఒకసారి తడుపు.

చెక్క గుడ్లు నా దగ్గర ఉండాయి. ఆదివారం కాణిపాకం వస్తా అంటివి కదా. దర్శనం అయినాక అట్నే గ్రీమ్స్‌పేటకు రా, అమ్మను కూడా తోడుకోని రా.